ముప్పై మంది పిల్లలు, మూడు కొటేషన్లు

సందేహాలు – సమాధానాలు

బడి పిల్లల విదేశీ యాత్రల గురించి ఈసారి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. ప్రిన్సిపాళ్ళు రాశారు, తల్లిదండ్రులు రాశారు, యాత్ర బాధ్యత నెత్తిన పడ్డ టీచర్లూ రాశారు. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి జవాబిస్తున్నాను.

ప్ర: మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లలు ముప్పై మందిని ముగ్గురు టీచర్లతో ఐదు రోజులు సింగపూర్ పంపాలనుకుంటున్నాం. మూడు ట్రావెల్ కంపెనీలు కొటేషన్లు ఇచ్చాయి. తలకు రూ.92,000 ఒకరు, రూ.1,08,500 ఇంకొకరు, రూ.1,14,000 మరొకరు. చూపించే చోట్లు మూడింట్లోనూ ఒకటే. మా కరస్పాండెంట్ గారు తక్కువ చెప్పినవాళ్ళకే అడ్వాన్సు ఇచ్చేయమంటున్నారు. కాగితాలు జతచేశాను. ఏం చేయమంటారు?
– ప్రధానోపాధ్యాయురాలు, గుంటూరు

జ: అడ్వాన్సు ఇప్పుడే ఇవ్వకండి మేడం. మీరు పంపిన కాగితాలు చివరిదాకా చదివాను. రూ.92,000 కొటేషన్ ఆఖరి పేజీలో సన్నటి అక్షరాలతో ‘ప్యాకేజీలో చేరనివి’ అని ఒక పట్టీ ఉంది. 5 శాతం జీఎస్టీ అక్కడ ఉంది, అది రూ.4,600. వీసాకు రూ.3,500. యూనివర్సల్ స్టూడియోస్‌కి ‘ఇష్టమైతే’ అని రాసి రూ.6,500. డ్రైవరుకూ గైడుకూ టిప్పులు రూ.1,500. నాలుగు రోజుల మధ్యాహ్న భోజనం పిల్లలే కొనుక్కోవాలి; పూటకు వెయ్యి చొప్పున రూ.4,000 వేసుకోండి. మొత్తం రూ.1,12,100 తేలుతుంది. ఇవన్నీ కలుపుకునే రెండో కంపెనీ రూ.1,08,500 చెప్పింది. చవక అనుకున్నది రూ.3,600 ఎక్కువ పడుతోంది. అయినా ముప్పై మందిలో ఇరవై ఎనిమిది మంది లోపలికి వెళ్తే, డబ్బు కట్టలేని ఇద్దరూ బస్సులో కూర్చుంటారా? బడి యాత్రలో ‘ఇష్టమైతే’ అనే మాటకు చోటు ఉండకూడదు.

సింగపూర్ కొటేషన్లలో కొన్ని మాటల దగ్గర ఆగి చదవాలి. ‘గార్డెన్స్ బై ద బే సందర్శన’ అని మూడింట్లోనూ ఉంది. అక్కడ బయటి తోటలకూ, ఆ పెద్ద ఉక్కు చెట్ల కింద తిరగడానికీ టికెట్ లేదు. టికెట్ ఉన్నది ఫ్లవర్ డోమ్, క్లౌడ్ ఫారెస్ట్ అనే రెండు గాజు మందిరాలకు. సైన్సు టీచరు పిల్లలకు చూపించాలనుకునేది సరిగ్గా ఆ రెండే. మీ మూడో కొటేషన్లో వాటి పేర్లు ఉన్నాయి, మిగతా రెండింటిలో లేవు. సెంటోసా కూడా అంతే. దీవిలోకి తీసుకెళ్ళడం వేరు, అక్కడి అక్వేరియం టికెట్ వేరు.

పిల్లల టికెట్ అన్న మాట ఇంకొకటి. యూనివర్సల్ స్టూడియోస్‌లో 4 నుంచి 12 ఏళ్ళ వాళ్ళకే పిల్లల ధర. తొమ్మిదో తరగతి వాళ్ళకు పద్నాలుగు నిండుతుంటాయి కాబట్టి పెద్దల ధరే పడుతుంది. తొలి కంపెనీ లెక్క ఏ ధరతో కట్టిందో అడగండి.

హోటల్ విషయంలో ‘త్రీ స్టార్, లేదా అదే స్థాయి’ అని ఉంటే ఊరుకోవద్దు. పేరు, వీధి కావాలి. సింగపూర్లో చవక హోటళ్ళు గేలాంగ్ ప్రాంతంలో ఎక్కువ. ఆ ప్రాంతంలో కొన్ని సందులు రాత్రి పూట పిల్లలను నడిపించుకు వెళ్ళదగ్గవి కావు. పెద్దవాళ్ళ టూరుకు అది సర్దుకుపోదగ్గ సంగతే, బడి టూరుకు కాదు. గదికి ముగ్గురా నలుగురా, నాలుగో పిల్లకు మంచం ఉంటుందా పరుపు వేస్తారా అన్నదీ రాయించుకోండి. బస్సు మీ పిల్లలకే ప్రత్యేకమా, వేరే టూరిస్టులతో కలిపి ఎక్కిస్తారా అన్నది అంతకంటే ముఖ్యం. కలిపి తీసుకెళ్ళే బస్సు చవక. ఒక పిల్లవాడికి వాంతులైతే ఆ బస్సు మీకోసం ఆగదు.

విమానం వేళలు చూడండి. హైదరాబాద్ నుంచి నేరుగా వెళ్తే నాలుగున్నర గంటలు. తక్కువ ధర కొటేషన్లో మధ్యలో మరో ఊళ్ళో దిగి మారే విమానం పెట్టారు, ఒక పూట దారిలోనే పోతుంది. పైగా అది ఉదయం ఆరింటికి దింపుతుంది, హోటల్ గదులిచ్చేది మధ్యాహ్నం మూడింటికి. నిద్రలేని పిల్లలు తొమ్మిది గంటలు ఎక్కడ ఉంటారో ఆ కాగితంలో ఎక్కడా లేదు.

ఇక ‘ముగ్గురు టీచర్లు ఉచితం’ అన్న వాక్యం. విమాన సంస్థలు, హోటళ్ళు పెద్ద గుంపులకు కొంత రాయితీ ఇస్తాయి, నిజమే. కానీ మామూలుగా టీచర్ల ఖర్చును కంపెనీ పిల్లల ధరలోనే పరుస్తుంది. ఒక టీచరుకు లక్ష అనుకుంటే ముగ్గురికి మూడు లక్షలు, పిల్లవాడికి పది వేలు. ఇందులో తప్పేమీ లేదు, టీచర్లు లేకుండా పిల్లలు వెళ్ళలేరు కదా. అయితే తల్లిదండ్రుల దగ్గర అది దాచకూడదు. పిల్లల సంఖ్య ముప్పై నుంచి ఇరవై ఐదుకు తగ్గితే అదే మూడు లక్షలు తలకు పన్నెండు వేలవుతాయి. అందుకే ధర ఎంతమందికి చెప్పారు, సంఖ్య తగ్గితే ఏమవుతుంది అన్నది ముందే రాయించాలి. కరస్పాండెంట్ గారి కుటుంబానికి కూడా ఉచిత టికెట్లు ఇస్తామనే కంపెనీలున్నాయి. ఆ టికెట్ల డబ్బు కూడా ఎవరో ఒక తండ్రి జేబులోంచే పోతుంది. నేనైతే అలాంటి కొటేషన్‌ను పక్కన పెడతాను.

మారకపు రేటు దగ్గర చాలామంది చూసీ చూడనట్టు దాటేస్తారు. సింగపూర్లో అయ్యే ఖర్చు తలకు 750 సింగపూర్ డాలర్లు అనుకోండి. ‘డబ్బు కట్టిన రోజు రేటు’ అని ఉంటే, డాలరు రెండు రూపాయలు పెరిగినా పిల్లవాడికి రూ.1,500, ముప్పై మందికి రూ.45,000 తేడా వస్తుంది. ధర రూపాయల్లో, ఫలానా తేదీ దాకా మారదని ఇవ్వమనండి. అలా ఇవ్వలేమంటే ఏ బ్యాంకు రేటుకు ఎంత కలుపుతారో రాయమనండి. పెరిగినప్పుడు వసూలు చేసేవాళ్ళు తగ్గినప్పుడు తిరిగిస్తారా అనీ అడగండి.

మరి ఇప్పుడు చేయాల్సింది ఏమిటంటే, మూడు కొటేషన్లూ వెనక్కి పంపండి. మీకేం కావాలో మీరే ఒక కాగితం మీద రాయండి. తేదీలు, పిల్లలు టీచర్ల సంఖ్య, నేరుగా వెళ్ళే విమానం, హోటల్ ఉండాల్సిన ప్రాంతం, గదికి ఎంతమంది, రోజుకు మూడు పూటలా భోజనం, టికెట్‌తో చూపించాల్సిన చోట్ల పేర్లు, ప్రత్యేక బస్సు, ఇన్సూరెన్స్, వీసా, జీఎస్టీ. మీ సోషల్, సైన్సు టీచర్లను కూర్చోబెట్టుకుని రాయండి. మెరీనా బరాజ్ లాంటి చోటుకు టికెట్ లేదు. ఉప్పునీటిని ఆపి, నగరం మధ్యలో మంచినీటి జలాశయం ఎలా నిలబెట్టారో అక్కడ కళ్ళారా చూడొచ్చు. ఏ ట్రావెల్ కంపెనీ తనంతట తాను దాన్ని ప్యాకేజీలో పెట్టదు, మీరే పెట్టించాలి. ఆ కాగితం ముగ్గురికీ ఇచ్చి, విమానం ఖర్చు వేరుగా, అక్కడి ఖర్చు వేరుగా చూపమనండి. అప్పుడు వచ్చే మూడు అంకెలను పక్కపక్కన పెట్టొచ్చు.

సింగపూర్ వీసా రుసుము 30 సింగపూర్ డాలర్లు, గుర్తింపు ఉన్న ఏజెంట్ ద్వారా దరఖాస్తు చేయాలి, ఏజెంట్ తన చార్జీ కలుపుకుంటాడు. ప్రయాణానికి ముందు మూడు రోజుల్లో నింపే అరైవల్ కార్డు మాత్రం పూర్తిగా ఉచితం. దానికి డబ్బు వేసిన కొటేషన్ ఉంటే మిగతా పంక్తులు కూడా ఒకటికి రెండుసార్లు చూడండి.

ప్ర: మా అబ్బాయి ఎనిమిదో తరగతి. ‘నాసా విద్యా యాత్రకు ఎంపికయ్యాడు’ అని బడి నుంచి లేఖ వచ్చింది. పది రోజులకు రూ.3,85,000. నాసా సర్టిఫికెట్ ఇస్తారట. వారంలో రూ.75,000 కట్టాలి. వీసా గ్యారంటీ అంటున్నారు. వాడు రాత్రీ పగలూ అదే కలవరిస్తున్నాడు. అప్పు చేసైనా పంపనా?
– ఓ తండ్రి, కరీంనగర్

జ: అప్పు చేసి పంపకండి అన్నా. ఇది ముందే చెప్పి తర్వాత కారణాలు చెబుతాను.

‘ఎంపిక’ అన్న మాటకు ఆ లేఖలో ఆధారం లేదు. పరీక్ష గానీ పోటీ గానీ జరిగినట్టు మీరూ రాయలేదు. ఇలాంటి యాత్రల్లో ఎక్కువగా చూపించేది ఫ్లోరిడాలోని కెన్నెడీ స్పేస్ సెంటర్ విజిటర్ కాంప్లెక్స్. నాసా తరఫున ఒక ప్రైవేటు సంస్థ దాన్ని నడుపుతుంది. టికెట్ కొన్నవాళ్ళెవరైనా వెళ్ళొచ్చు. హ్యూస్టన్‌లోని స్పేస్ సెంటర్ 1992లో మొదలైంది, అదీ లాభాపేక్ష లేని ఒక సంస్థ చేతిలో ఉంది. అలబామాలోని హంట్స్‌విల్‌లో 1982 నుంచి స్పేస్ క్యాంప్ జరుగుతోంది. అందులో పిల్లలు రోజుల తరబడి ఉండి శిక్షణ పొందుతారు. సర్టిఫికెట్ మీద ఎవరి సంతకం ఉంటుందో, ఏ సంస్థ ఇస్తుందో నమూనా చూపించమని బడిని అడగండి.

ఈ చోట్లను తక్కువ చేయడం లేదు. 110 మీటర్ల సాటర్న్–5 రాకెట్ కింద నిలబడిన పిల్లవాడు దాన్ని జీవితాంతం మరిచిపోడు. నిజంగా అంతరిక్షానికి వెళ్ళొచ్చిన అట్లాంటిస్ షటిల్ 2013 నుంచి ఫ్లోరిడాలో ప్రదర్శనలో ఉంది. అయితే పది రోజుల్లో ఈ చోట్లకు ఇచ్చింది ఎన్ని గంటలు? కార్యక్రమం పట్టికలో ఆ గంటలు కూడండి. న్యూయార్క్, వాషింగ్టన్, నయాగరా, డిస్నీ పోగా అంతరిక్షానికి ఒకటిన్నర రోజు మిగిలితే, అది అమెరికా విహారయాత్ర. విహారయాత్ర తప్పు కాదు, దానికి నాసా పేరు పెట్టి పిల్లల ఆశను అమ్మడం తప్పు.

వీసా గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు. ఇచ్చేదీ కాదనేదీ కాన్సులేట్ అధికారి ఒక్కరే. దరఖాస్తు రుసుము 185 డాలర్లు, వీసా రాకపోయినా అది తిరిగి రాదు. ‘వీసా రాకపోతే రుసుము తప్ప మిగతా మొత్తం ఇన్ని రోజుల్లో వెనక్కి ఇస్తాం’ అని కంపెనీ లెటర్‌హెడ్ మీద రాసివ్వగలదా అడగండి. నోటి మాటగా చెప్పి కాగితం మీద పెట్టకపోతే ఆ హామీ లేనట్టే. బాబు పాస్‌పోర్టు తేదీ కూడా చూడండి. పిల్లల పాస్‌పోర్టుకు అయిదేళ్ళే గడువు, తొమ్మిదేళ్ళప్పుడు తీసినది పద్నాలుగేళ్ళకు అయిపోతుంది. ప్రయాణం నాటికి ఇంకా ఆరు నెలలు మిగిలి ఉండాలని చాలా దేశాలు, విమాన సంస్థలు చూస్తాయి.

వాడి కలకు దగ్గరి దారి ఒకటుంది. శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం చూడటానికి ఇస్రో 2019లో ప్రజల కోసం గ్యాలరీ తెరిచింది. ప్రయోగానికి ముందు ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి, రుసుము లేదు. సూళ్ళూరుపేట దాకా రైల్లో వెళ్ళొచ్చు. నిప్పులు కక్కుతూ పైకి లేచే రాకెట్‌ను వాడు మీ పక్కన నిలబడి చూస్తాడు. అమెరికా తర్వాతైనా వెళ్ళొచ్చు.

ప్ర: ఇవాళే 60 శాతం కడితే తలకు రూ.5,000 తగ్గిస్తామని కంపెనీ అంటోంది. తల్లిదండ్రుల డబ్బు మా బడి ఖాతాలో వేసుకుని ఒకేసారి పంపమంటున్నారు. టీసీఎస్ అని వేరే కలిపారు. అదేమిటి?
– కరస్పాండెంట్, ఏలూరు

జ: టీసీఎస్ సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే అక్కడ తల్లిదండ్రులు తెలియకుండా నష్టపోతున్నారు. విదేశీ ప్యాకేజీ అమ్మినప్పుడు కంపెనీ కొన్నవారి దగ్గర వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను అది. కట్టినవారి పాన్ మీద జమ అవుతుంది. రిటర్న్ వేసినప్పుడు పన్నులో సర్దుబాటు చేసుకోవచ్చు, లేదా వాపసు తీసుకోవచ్చు. శాతం మాత్రం బడ్జెట్లతో మారుతూ వస్తోంది. 2023 అక్టోబరు నుంచి ఏడు లక్షల దాకా 5 శాతం, ఆ పైన 20 శాతం ఉండేది. 2025 ఏప్రిల్ నుంచి ఆ పరిమితిని పది లక్షలు చేశారు. మీరు కట్టే రోజున అమల్లో ఉన్న శాతం ఎంతో మీ ఆడిటర్‌ను అడిగి తెలుసుకోండి.

శాతం ఎంతైనా, ఎవరి పాన్ ఇస్తున్నారన్నదే అసలు ప్రశ్న. మొత్తం మీ బడి పాన్ మీద కడితే జమ కూడా బడికే పడుతుంది. డబ్బిచ్చిన నాన్నకు రావాల్సింది బడి ట్రస్టు ఖాతాలో ఉండిపోతుంది. అందుకని ఇన్వాయిస్ ఒక్కో తల్లి లేదా తండ్రి పేరున, వారి పాన్‌తో ఇవ్వమనండి. కంపెనీకి కాస్త పని పెరుగుతుంది, చేయనివ్వండి. కొటేషన్లు పోల్చేటప్పుడు టీసీఎస్ తీసేసి పోల్చండి. అది అందరికీ ఒకే శాతం, ఏ కంపెనీ దాన్ని తగ్గించలేదు.

60 శాతం ముందు కట్టకండి. ఇంగ్లండ్‌లో విమానంతో కూడిన ప్యాకేజీ అమ్మే కంపెనీ మూతపడితే ప్రయాణికుల డబ్బు కాపాడే అటాల్ అనే ఏర్పాటు 1973 నుంచి ఉంది. మనకు అలాంటిది లేదు. మన దగ్గర రక్షణ అల్లా వాయిదాలే. ఏ వాయిదా ఏ పనికి అన్నది ముడిపెట్టండి. గుంపుగా పది మందికి మించి సీట్లు తీసుకుంటే విమాన సంస్థలు అడ్వాన్సు తీసుకుని సీట్లు పట్టి ఉంచుతాయి, పేర్లు తర్వాత ఇవ్వొచ్చు. కాబట్టి తొలి వాయిదా ఆ అడ్వాన్సుకు సరిపడా ఇచ్చి, బుకింగ్ నంబరు తీసుకుని విమాన సంస్థకే ఫోన్ చేసి సరిచూసుకోండి. రెండోది వీసాలు వచ్చాక, మిగిలింది హోటల్ ఖాయమైన పత్రం చూశాక. విమాన సంస్థ పేరూ ముఖ్యమే. 2023 మే 3న గో ఫస్ట్ ఒక్కసారిగా విమానాలు ఆపేసినప్పుడు ముందే డబ్బు కట్టిన వాళ్ళు ఎంత అల్లాడారో గుర్తుండే ఉంటుంది. విమానమే రద్దయితే మరో టికెట్ ఖర్చు ఎవరిదో ఒప్పందంలో ఉండాలి.

డబ్బు కంపెనీ కరెంట్ ఖాతాకే వెళ్ళాలి. ఎవరి సొంత ఖాతాకో, ఫోన్ నంబరుకో పంపమంటే ఆ కంపెనీతో మాట అక్కడితో ఆపేయండి. ఇంత చేసినా వివాదం వస్తే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తల్లిదండ్రులు తామున్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. కంపెనీ ముంబైలో ఉన్నా సరే. ఐదు లక్షల లోపు చెల్లింపులకు రుసుము కూడా లేదు. ఇన్వాయిస్ వాళ్ళ పేరున ఉంటే ఆ పనీ సులువవుతుంది.

ప్ర: టికెట్లు, హోటల్ మేమే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకుంటే కంపెనీ లాభం మిగలదా?
– కంప్యూటర్ టీచరు, కాకినాడ

జ: కొంత మిగులుతుంది. పది మంది లోపు పెద్ద పిల్లలైతే ఆలోచించొచ్చు. ముప్పై మంది మైనర్లకు వద్దు. అర్ధరాత్రి విమానం రద్దయితే, ఆ ముప్పై మందికీ పడుకునే చోటు చూసే బాధ్యత కాగితం మీద ఒకరిదై ఉండాలి. మీరే అన్నీ కొంటే ఆ ఒకరు మీరే.

ప్ర: మేము బర్మింగ్‌హామ్‌లో ఉంటున్నాం. పాప చదివే స్కూల్ స్పెయిన్ యాత్రకు 890 పౌండ్లు అడిగింది. క్లాసులో మిగతా వాళ్ళవి బ్రిటిష్ పాస్‌పోర్టులు, మాది భారతీయ పాస్‌పోర్టు. కొటేషన్లో వీసా మాటే లేదు.
– ఓ తల్లి

జ: అక్కడి కంపెనీలు ఎక్కువమంది పిల్లలకు వీసా అక్కర్లేదనే లెక్కతో ధర వేస్తాయి. మీ పాపకు షెంగెన్ వీసా కావాలి. ఆ పని మీదేనని స్కూల్ చెప్పకపోతే మీరే ముందు అడగండి, ఎందుకంటే డిపాజిట్ కట్టాక వీసా రాకపోతే స్కూల్ దాన్ని సాధారణ రద్దుగానే చూస్తుంది. రుసుము 12 ఏళ్ళు దాటితే 90 యూరోలు. అయితే చదువు కోసం వెళ్ళే బడి పిల్లలకు, వెంట వెళ్ళే టీచర్లకు షెంగెన్ వీసా నియమావళిలోనే రుసుము మినహాయింపు ఉంది. యాత్ర ఉద్దేశం, పాఠ్యాంశంతో సంబంధం రాసిన స్కూల్ లేఖ జతచేసి ఆ మినహాయింపు అడగండి. దరఖాస్తు కేంద్రం సేవా రుసుము మాత్రం తప్పదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు వేయొచ్చు, ఆలస్యం చేయకండి. స్కూల్ ఇంకా దేశం ఖాయం చేసుకోలేదంటే ఫ్రాన్స్ పేరు చెప్పండి. 2023 డిసెంబరు చివరి నుంచి బ్రిటన్ బడుల నుంచి ఫ్రాన్స్‌కు గుంపుగా వెళ్ళే పిల్లలకు, స్కూల్ ఒక ప్రత్యేక ఫారం నింపి ఇస్తే వీసా అక్కర్లేదు.

ప్ర: రెండు కంపెనీల ధర దాదాపు సమానం. ఇద్దరికీ అయాటా గుర్తింపు ఉంది. దేన్ని ఎంచుకోవాలి?
– సోషల్ టీచరు, విశాఖపట్నం

జ: అయాటా గుర్తింపు విమాన టికెట్లు అమ్మే అర్హతకు సంబంధించింది. పిల్లలను ఎలా చూసుకుంటారో అది చెప్పదు. ధర సమానమైనప్పుడు మీకు మంచి అవకాశం దొరికినట్టే, ఇక పిల్లల భద్రత ఒక్కటే చూడొచ్చు.

2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది ఒడ్డున ఫొటోల కోసం దిగిన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, ఎగువన లార్జీ జలాశయం నుంచి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. ఆ దుఃఖం మన ఇళ్ళలో ఇంకా చల్లారలేదు. బడి యాత్ర అనగానే నా మనసు అక్కడికే వెళ్తుంది. టికెట్ కొని వెళ్ళే చోట్ల కాపలా ఉంటుంది, నియమాలుంటాయి. దారిలో బస్సు ఆపిన చోట ఉండవు. ఇద్దరినీ ఇదే అడగండి. కార్యక్రమంలో లేని చోట బస్సు ఆపాలంటే ఎవరి అనుమతి కావాలి? బీచ్, స్విమ్మింగ్ పూల్ ఉంటే ఎవరు కాపలా? రాత్రి గదుల అంతస్తులో ఎవరు ఉంటారు? పిల్లవాడు ఆసుపత్రిలో చేరితే ఒక టీచరు అక్కడ ఉండిపోతారు, మిగతా గుంపుతో ఎవరు కదులుతారు? ఇక్కడి నుంచి వెంట వచ్చే టూర్ మేనేజర్ ఉన్నారా, లేక అక్కడ విమానాశ్రయంలో గైడు అందుకుంటాడా?

ఇన్సూరెన్స్ ఉందని ఇద్దరూ అంటారు. పాలసీ ప్రతి తెప్పించుకుని చదవండి. వైద్యానికి ఎంత, ఉబ్బసం, మూర్ఛ లాంటి ముందునుంచీ ఉన్న జబ్బులకు వర్తిస్తుందా, పిల్లవాడు ఆసుపత్రిలో ఉంటే తల్లిదండ్రుల్లో ఒకరు వెళ్ళే టికెట్ ఇస్తారా అన్న మూడూ చూస్తే చాలు.

చివరగా, ఇద్దరి దగ్గరా కిందటి ఏడాది వాళ్ళతో వెళ్ళిన రెండేసి బడుల పేర్లు తీసుకోండి. ప్రిన్సిపాల్‌కు కాకుండా, పిల్లలతో వెళ్ళిన టీచరుకు ఫోన్ చేయండి. యాత్ర బాగా జరిగిందా అని అడిగితే బాగానే జరిగిందంటారు. ఏ రోజు ఇబ్బంది వచ్చింది, అప్పుడు కంపెనీ మనిషి ఎంతసేపటికి ఫోన్ ఎత్తాడు అని అడగండి. వాళ్ళు మెచ్చుకున్న టూర్ మేనేజర్ పేరు మీ ఒప్పందంలో రాయించండి, మీకు చెప్పకుండా ఆ మనిషిని మార్చకూడదన్న వాక్యంతో సహా.